వాలు వెలుగులో వృద్ధ ఓక్ వృక్షాలు

ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ దేశాల్లోనూ, ఆసియా, అమెరికా ఖండాల ఉష్ణమండల పర్వతసానువుల మీదా పెరిగే ఓక్ చెట్లలో దాదాపు 450 జాతులు ఉన్నాయి. వృక్షశాస్త్రం క్వెర్కస్ అని వ్యవహరించే ఈ ప్రజాతిలో వయసు మీరిన చెట్లకు, ముఖ్యంగా ఇంగ్లండులోని పాత జింకల వనాల్లో శతాబ్దాలుగా నిలిచి ఉన్నవాటికి, ఛాయాచిత్రకళలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఆ కళ పుట్టిన తొలినాళ్ల నుంచి ఇప్పటివరకు ఈ చెట్ల వైపు కెమెరా తిప్పని తరం లేదు. అయినా వృద్ధ ఓక్ వృక్షం ఛాయాచిత్రానికి సులభంగా లొంగదు. చెట్టు ఎదుట నిలబడిన మనిషి చూపు మాను నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి రెమ్మకు సాగుతూ, వెనక ఉన్న చెట్లను పట్టించుకోకుండా ఆ ఒక్కదాన్నే గ్రహిస్తుంది. కెమెరాకు ఆ విచక్షణ లేదు కనుక, ముందున్న కొమ్మనూ వెనకనున్న పొదనూ ఒకే తీరుగా నమోదు చేసి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని పచ్చని గజిబిజిని మిగుల్చుతుంది. చెట్టును దాని పరిసరాల నుంచి విడదీసి, దాని వయసును కంటికి కట్టించగలిగేది కాంతి మాత్రమే. అయితే ఆకాశం ఎర్రబడినంత మాత్రాన అది మంచి కాంతి అయిపోదు. ఏ చెట్టులో ఏ లక్షణం చూపదలచుకుంటే దానికి తగిన కాంతిని ఎంచుకోవాలి, దానికోసం కాచుకోవాలి. ఈ రంగంలో పేరెన్నికగన్న చిత్రాలన్నిటి వెనకా ఉన్న సూత్రం ఇదే.

అలా ఎంచుకోవాలంటే ముందుగా ఓక్ చెట్టు ఎలా ముసలిదవుతుందో తెలియాలి. మూడు వందల ఏళ్లు పెరిగి, మూడు వందల ఏళ్లు నిలిచి, మూడు వందల ఏళ్లు క్షీణించే చెట్టని ఇంగ్లండులో దీని గురించి ఒక నానుడి ఉంది. ఆ లెక్క అక్షరాలా నిజం కాకపోయినా, అందులోని మూడో దశ మాత్రం ఛాయాచిత్రకారుడికి అత్యంత ముఖ్యమైనది. ముసలి ఓక్ తన పైకొమ్మలను పోషించలేని స్థితికి చేరినప్పుడు వాటిని ఎండబెట్టుకుని, కింద కొత్త కొమ్మలు వేసుకుని, ఎత్తు తగ్గించుకుంటూ బతుకుతుంది. ఎండిన పైకొమ్మలు జింక కొమ్ముల్లా బోసిగా ఆకాశంలోకి పొడుచుకుని ఉంటే, వాటి కింద పచ్చని గొడుగు మళ్లీ తయారవుతుంది. ఇదే కాలంలో కొన్ని రకాల శిలీంధ్రాలు మాను లోపలి చేవను మెల్లగా తినేయడంతో పెద్ద తొర్ర ఏర్పడుతుంది. తొర్ర పడిన చెట్టు చావుకు దగ్గరైందని చాలామంది అనుకుంటారు గానీ, నీటిని మోసే సజీవమైన పొర బెరడు కిందనే ఉంటుంది కనుక, లోపల పూర్తిగా డొల్ల అయిన తర్వాత కూడా ఓక్ వందల ఏళ్లు బతుకుతుంది. లింకన్‌షైర్‌లోని బౌథోర్ప్ ఓక్ ఇందుకు ప్రబలమైన ఉదాహరణ. సుమారు 13 మీటర్ల చుట్టుకొలత గల ఆ మాను లోపలంతా ఖాళీయే, వయసు వెయ్యేళ్ల పైమాటేనని అంచనా.

ఇంత పాత చెట్లు ఇంగ్లండులో ఎక్కువగా మిగలడానికి చారిత్రక కారణాలున్నాయి. మధ్యయుగాల్లోనూ ఆ తర్వాతా రాజులూ ప్రభువులూ వేట కోసం కంచె వేసి కాపాడుకున్న జింకల వనాల్లో చెట్లు దూరదూరంగా ఉండేవి, వాటిని కలప కోసం నేలమట్టం చేసే అవసరం తక్కువ. విండ్సర్ గ్రేట్ పార్కు, లండన్ నగరంలోని రిచ్‌మండ్ పార్కు, బ్లెనిమ్ రాజప్రాసాదాన్ని ఆనుకుని ఉన్న హై పార్కు ఈ కోవకు చెందినవే. దీనికి తోడు పొలార్డింగ్ అనే పద్ధతి ఒకటి ఉండేది: పశువులకు అందని ఎత్తులో, అంటే నేలకు రెండు మూడు మీటర్ల పైన, కొమ్మలన్నిటినీ నరికి, అక్కడ చిగిర్చిన కొత్త కొమ్మలను కొన్నేళ్లకోసారి వంటచెరకు కోసం కోసుకునేవారు. తలభారం తగ్గిన చెట్టు గాలివానలకు కూలకుండా ఎక్కువ కాలం నిలవడమే కాక, పొట్టి లావుపాటి మానుతో, నరికిన చోటల్లా బొడిపెలు కట్టి, చిత్రమైన ఆకారం దాలుస్తుంది. కెమెరా ముందు ఓక్ చెట్టు ముఖంలా కనిపించేది ఈ బొడిపెలు, తొర్రలు, లోతైన బెరడు చారలే. వీటికి ప్రాణం పోయవలసింది నీడ. ఎండ పడిన చోటు ఎంత ముఖ్యమో ఎండ పడని చోటు అంతకన్నా ముఖ్యం.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కొమ్మల గుబురు కింద వెలుగు మచ్చలు మచ్చలుగా పడి మాను ఆకారాన్ని ముక్కలు చేస్తుంది. సూర్యుడు దిగంతానికి దిగివచ్చినప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. దిగంతం దగ్గరి నుంచి వచ్చే కిరణాలు, నడినెత్తి నుంచి వచ్చేవాటితో పోలిస్తే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో గాలి అణువులు నీలికాంతిని ఎక్కువగా, ఎర్రకాంతిని తక్కువగా చెదరగొడతాయి. దీన్ని భౌతికశాస్త్రంలో పరిక్షేపణం అంటారు. చెట్టును చేరే కాంతిలో పసుపు, నారింజ వన్నెలు మిగలడానికీ, నీడల్లో ఆకాశపు నీలిమ కనిపించడానికీ కారణం అదే. అయితే రంగు కంటే ముఖ్యమైనది కాంతి వాలు. పక్కనుంచి నేలబారుగా వచ్చే వెలుగు బెరడులోని ప్రతి గాడికీ ఒక అంచును వెలిగించి, మరో అంచును నీడలో ముంచుతుంది కనుక, చదునైన చిత్రంలో కూడా మాను గుండ్రదనం, గరుకుదనం స్పష్టంగా తెలుస్తాయి. ఈ వెలుగు రంగును ఉన్నదున్నట్టు నిలుపుకోవాలంటే కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపును తెలుపుగా చూపడానికి రంగులను సరిచేసే అమరికను, ఆటోమేటిక్‌గా వదలకుండా పగటి వెలుగుకు, అంటే దాదాపు 5,500 కెల్విన్‌కు స్థిరంగా పెట్టుకోవడం మేలు. లేకపోతే యంత్రం ఆ బంగారు ఛాయను లోపంగా భావించి తుడిచేస్తుంది.

వాలు వెలుగు ఎంతసేపు ఉంటుందనేది అక్షాంశం మీద ఆధారపడుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాడు. ఉత్తరానికి వెళ్లిన కొద్దీ ఏటవాలుగా, దిగంతాన్ని ఒరుసుకుంటూ కదులుతాడు. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాదులో సూర్యోదయం తర్వాత సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తుకు చేరడానికి సుమారు అరగంట పడితే, లండన్‌లో గంట పడుతుంది. అంతేకాదు, ఆ రోజు మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు చేరుకుంటే, లండన్‌లో 15 డిగ్రీలు దాటడు. చలికాలపు ఇంగ్లండులో మబ్బు లేని రోజు వస్తే, పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా మొత్తం వాలు వెలుగే. ఆకులు రాలిపోయి కొమ్మల నిర్మాణమంతా బయటపడేదీ ఆ కాలంలోనే. ఓక్ అస్థిపంజరాన్ని, అంటే మాను నుంచి చివరి రెమ్మదాకా అది విస్తరించిన తీరును చూపదలచినవారికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న మాసాలు వేసవి మొత్తం కంటే విలువైనవి.

కాంతి దిశల్లో అన్నిటికంటే తక్కువ ఫలితమిచ్చేది ఛాయాచిత్రకారుడి వీపు వెనక నుంచి వచ్చే ఎండ. అది నీడలన్నిటినీ చెట్టు వెనక్కి నెట్టేసి మానును అట్టముక్కలా చేస్తుంది. చెట్టు వెనక నుంచి వచ్చే కాంతి అందుకు విరుద్ధం. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే ఓక్ లేతాకులు రాగి, పసిమి వన్నెల్లో ఉంటాయి కాబట్టి, వెనక వెలుగు పడినప్పుడు ఒక్కొక్క ఆకు తన ఈనెలతో సహా వెలిగిపోతుంది. మాను నల్లగా, ఆకులు దీప్తిగా కనిపించే ఈ అమరికలో లెన్స్‌లోకి సూర్యుడు నేరుగా పడకుండా అతన్ని మాను చాటున ఉంచుకోవడం అవసరం. ఇక అందరూ ఎగబడే సూర్యాస్తమయ చిత్రాల విషయంలో కొంత కఠినంగానే మాట్లాడాలి. మండే ఆకాశం ముందు నల్లని ఆకృతిగా నిలిచిన ఓక్ చూడగానే ఆకట్టుకుంటుంది గానీ, వందేళ్ల చెట్టుకూ ఎనిమిది వందల ఏళ్ల చెట్టుకూ అందులో తేడా కనబడదు. బెరడు, తొర్ర, బొడిపె, నాచు అన్నీ నలుపులో మాయమవుతాయి. పైకొమ్మలు ఎండి కొమ్ముల్లా లేచిన చెట్టయితే ఆ నల్లని ఆకృతి సార్థకమవుతుంది, ఎందుకంటే దాని వయసు ఆ రూపురేఖల్లోనే ఉంది. మిగతా చెట్లకు అస్తమయం ఒక అలంకారం మాత్రమే.

వృద్ధ ఓక్ వృక్షాలకు అన్ని కాంతుల్లోకీ శ్రేష్ఠమైనది పొగమంచు వెలుగు. పగలంతా నేల తేమగా ఉండి, రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను తాకి ఉన్న గాలి చల్లబడి, అందులోని ఆవిరి సన్నని నీటిబిందువులుగా మారి తెల్లవారేసరికి పల్లపు ప్రాంతాలను కమ్ముకుంటుంది. రాత్రులు దీర్ఘమయ్యే అక్టోబరు, నవంబరు మాసాల్లో ఇంగ్లండులోని నదీలోయల్లో, చెరువుగట్ల వద్ద ఇది తరచుగా కనిపిస్తుంది. ముందురోజు సాయంత్రం వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత, గాలిలోని ఆవిరి నీరుగా మారే తుషార బిందువు, ఈ రెండూ దగ్గరగా వస్తున్నాయేమో, గాలి వేగం బాగా తక్కువగా ఉందేమో చూసుకుంటే మరుసటి ఉదయం పొగమంచు పట్టే అవకాశాన్ని చాలావరకు ఊహించవచ్చు. పొగమంచు బిందువులు గాలి అణువుల కంటే ఎంతో పెద్దవి కనుక అన్ని రంగులనూ దాదాపు సమంగా చెదరగొడతాయి. అందుకే అది తెల్లగా ఉంటుంది. దూరం పెరిగిన కొద్దీ ఆ తెలుపు చిక్కనవుతుంది. దగ్గరి చెట్టు ముదురుగా, దాని వెనకది లేతగా, ఇంకా వెనకవి కనీకనిపించకుండా ఉండడంతో, కెమెరాకు లేని విచక్షణను వాతావరణమే సమకూర్చినట్టవుతుంది. ఎండ మొదలై పొగమంచు పలచబడే వేళ, సాధారణంగా సూర్యోదయం తర్వాత కొద్దిసేపటికి, కొమ్మల సందుల నుంచి కిరణాలు విడివిడి ధారలుగా కనిపిస్తాయి. కొమ్మలు నీడ పరిచిన గాలికీ ఎండ సోకిన గాలికీ మధ్య తేడాయే ఆ ధారలు. ఈ దృశ్యం ఎక్కువసేపు నిలవదు కాబట్టి, ఎక్కడ నిలబడాలో, ఏ చెట్టును ఏ కోణంలో చూడాలో అంతకుముందే తేల్చుకున్నవారికే అది దక్కుతుంది.

పొగమంచులో ఓక్ చెట్లను చిత్రించడానికి ఛాయాచిత్రకారులు ఎక్కువగా తలచుకునే స్థలం నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్ పీఠభూమి మీద ఉన్న విస్ట్‌మన్స్ వుడ్. సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున, చెట్లు పెరగడానికి ఏమాత్రం అనుకూలించని గాలికొండ మీద, గ్రానైట్ బండల మధ్య వేళ్లు దించిన ఈ ఓక్ చెట్లు మెలికలు తిరిగి, పొట్టిగా మిగిలిపోయాయి. పశువులు బండల మధ్యకు రాలేకపోవడమే వాటిని కాపాడిందని చెబుతారు. అక్కడి తేమకు బండలూ కొమ్మలూ నాచుతో, లైకెన్లతో, ఫెర్న్ మొక్కలతో కప్పబడి ఉంటాయి. ఇక్కడ కమ్మేది చాలావరకు కొండ మీదికి దిగివచ్చిన మేఘమే. మబ్బు కమ్మిన రోజు వచ్చే మెత్తని వెలుగులో నాచు పచ్చదనం అన్ని వైపులా సమంగా వెలుగుతుంది, ఎండ పడితే అదే అడవి వెలుగునీడల మచ్చలతో చెదిరిపోతుంది. తడి ఆకుల మీద మెరిసే తెల్లని జిగిని తగ్గించడానికి పోలరైజర్ అనే వడపోత అద్దం ఇక్కడ అత్యవసరం. దాన్ని లెన్స్ ముందు తగిలించి తిప్పితే, ఉపరితలం నుంచి పరావర్తనమైన కాంతి ఆగిపోయి, లోపలి పచ్చ రంగు బయటపడుతుంది. ఈ అడవికి సంబంధించిన మరో విశేషం, వేర్వేరు కాలాల్లో తీసిన ఛాయాచిత్రాలను పోల్చి చూసిన పరిశోధకులు, ఇరవయ్యో శతాబ్దంలో ఇక్కడి చెట్లు ఎత్తు పెరిగాయని నిర్ధారించగలగడం. అందం కోసం తీసిన బొమ్మ వృక్షశాస్త్రానికి సాక్ష్యంగా నిలిచింది.

ఓక్‌తో ఛాయాచిత్రకళకు ఉన్న అనుబంధం ఆ కళ అంత పాతది. కాగితం మీద నెగెటివ్ తయారుచేసి దాని నుంచి ఎన్ని ప్రతులైనా తీయగల కాలొటైప్ పద్ధతిని 1841లో వెల్లడించిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్, మరి ఒకటి రెండేళ్లకే తన లేకాక్ ఎస్టేటులో ఆకు రాల్చిన ఓక్ చెట్టునొకదాన్ని చిత్రించాడు. ఆనాటి కాగితపు నెగెటివ్ నీలికాంతికే స్పందించేది. దాని నుంచి తీసిన ప్రతిలో పచ్చని ఆకులు నల్లబడేవి, ఆకాశం తెల్లని ఖాళీగా వచ్చేది, పైగా ఎక్స్‌పోజర్‌కు, అంటే కాంతి నెగెటివ్‌ను తాకే వ్యవధికి, ఎంతో సమయం కావాల్సి రావడంతో గాలికి కదిలే ఆకులు అలికినట్టయ్యేవి. ఇన్ని పరిమితుల మధ్య చలికాలపు బోసి చెట్టును, తెల్లని ఆకాశం ముందు నిలిపి తీసిన టాల్బట్ చిత్రంలో ప్రతి రెమ్మా గీసినట్టు కనిపిస్తుంది. తన దగ్గరున్న సాధనానికి ఏ కాంతి, ఏ ఋతువు సరిపోతాయో అతనికి తెలుసు.

ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1849 నుంచి కొన్నేళ్లపాటు పారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఫోంటెన్‌బ్లో అడవిలో ఓక్ చెట్లను చిత్రించాడు. కాగితాన్ని ముందుగా మైనంలో తడిపి నెగెటివ్‌కు స్పష్టత తెచ్చిన విధానం అతనిదే. అదే అడవిలో, అదే చెట్ల కింద బార్బిజాన్ గ్రామాన్ని కేంద్రం చేసుకున్న చిత్రకారులు కూడా బొమ్మలు గీస్తూ ఉండేవారు. వారిలో ముఖ్యుడైన తెయొడోర్ రూసో ఆ చెట్ల నరికివేతను ఆపమని మూడో నెపోలియన్ ప్రభుత్వానికి విన్నవించాడు. చివరికి 1861లో 1,097 హెక్టార్ల అడవిని కళాకారుల కోసం కాపాడవలసిన ప్రాంతంగా ప్రకటిస్తూ శాసనం వెలువడింది. ప్రకృతి సంరక్షణ కోసం ప్రభుత్వాలు చేసిన తొలి ప్రకటనల్లో ఒకటైన దీనికి ప్రేరణ కలప కాదు, వేట కాదు. చెట్ల మీద పడే వెలుగును చూడడానికి అలవాటుపడిన కళ్లు. ఓక్ ఛాయాచిత్రాల గురించి మాట్లాడేవారు ఈ సంగతిని గుర్తు చేసుకోకపోవడం విచారకరం.

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1948లో యోసెమిటీ లోయలో మంచుతుపాను మధ్య నిలిచిన ఓక్ చెట్టును చిత్రించాడు. కొమ్మకొమ్మకూ మంచు అంటుకుని, వెనకంతా బూడిదవన్నెలో కరిగిపోయిన ఆ చిత్రం కాంతి కొలత విషయంలో ఒక పాఠం. కెమెరాలోని కాంతి మీటరు ఎదుట ఉన్న దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందని భావించి ఎక్స్‌పోజర్‌ను సూచిస్తుంది. మంచును, పొగమంచును ఆ మీటరుకే వదిలేస్తే తెలుపు మురికి బూడిదగా మారుతుంది. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆడమ్స్ రూపొందించిన జోన్ సిస్టం, చీకటి నుంచి తెలుపు వరకు ఉన్న ఛాయలను 11 అంతస్తులుగా విభజించి, దృశ్యంలోని ఏ భాగం ఏ అంతస్తులో ఉండాలో ఛాయాచిత్రకారుడే నిర్ణయించుకోవాలని చెబుతుంది. నేటి డిజిటల్ కెమెరాతో ఇదే పని చేయాలంటే మీటరు సూచన కంటే ఒకటి నుంచి రెండు స్టాపులు ఎక్కువ కాంతిని ఇవ్వాలి. ఒక్కొక్క స్టాపు అంటే కాంతిని రెట్టింపు చేయడం లేదా సగం చేయడం. తెరమీద హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ కుడిచివరకు దగ్గరగా వచ్చి, గోడను తాకకుండా ఆగితే చాలు.

ఇటీవలి కాలంలో అమెరికన్ ఛాయాచిత్రకారిణి బెత్ మూన్ పద్నాలుగేళ్లపాటు ప్రపంచంలోని ప్రాచీన వృక్షాలను వెతుక్కుంటూ తిరిగి, తీసిన చిత్రాలను 2014లో ఒక గ్రంథంగా వెలువరించింది. బౌథోర్ప్ ఓక్ అందులో ఉంది. ప్లాటినం లవణాలు కాగితపు పీచుల్లోకి ఇంకి బొమ్మగా మారే పాత పద్ధతిలో ఆమె ముద్రించడం వల్ల నలుపుకూ తెలుపుకూ మధ్య ఎన్నో సన్నని ఛాయలు ఆ చిత్రాల్లో నిలిచాయి, పైగా అవి వెలిసిపోవు. రాత్రిపూట నక్షత్రాల వెలుగులో కూడా ఆమె వృక్షాలను చిత్రించింది. వెన్నెలను ప్రయత్నించదలచినవారికి ఒక లెక్క ఉపయోగపడుతుంది: పున్నమి వెన్నెల ఎండ కంటే సుమారు 4 లక్షల రెట్లు బలహీనం, అంటే 18 స్టాపులకు పైబడిన తేడా. కాంతి ప్రవేశించే రంధ్రాన్ని సూచించే ఎఫ్ సంఖ్య 4గా, సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్ఓ 800గా పెట్టుకుంటే, కెమెరాను కదలకుండా ట్రైపాడ్ మీద నిలిపి, షట్టర్‌ను దాదాపు 30 సెకన్లు తెరిచి ఉంచవలసి వస్తుంది. గాలి లేని రాత్రి అయితేనే రెమ్మలు స్పష్టంగా వస్తాయి.

తుపాను వెలుగును గురించి క్లుప్తంగా చెబితే చాలు. నల్లని మేఘం చెట్టు వెనక ఉండి, పడమటి దిక్కున మబ్బు విరిగి ఎండ చెట్టు మీద పడిన క్షణంలో, చీకటి ఆకాశం ముందు ఓక్ లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. సూర్యుడు 42 డిగ్రీల కంటే కిందనే ఉంటే నేల మీద నిలబడినవారికి ఇంద్రధనుస్సు కూడా కనపడవచ్చు. వాన వెళ్లిపోతున్నప్పుడే ఈ కాంతి దొరుకుతుంది కనుక ముంచుకొస్తున్న వానలో వెళ్లవలసిన పని లేదు. బయలులో ఒంటరిగా నిలిచిన ఎత్తయిన ఓక్ మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ కాబట్టి ఉరుముతున్నప్పుడు దాని కింద నిలబడడం ప్రాణాపాయం.

కాంతిని ఎంచుకున్న తర్వాత స్థానం ఎంచుకోవాలి. పెద్ద కోణాన్ని చూపే 16 నుంచి 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో మాను దగ్గరగా నిలబడితే వేళ్లు, బొడిపెలు పెద్దవిగా, కొమ్మలు దూరంగా పారిపోతున్నట్టు కనిపిస్తాయి; కెమెరాను పైకి వంచితే మాను వెనక్కి ఒరిగినట్టు వస్తుంది. చెట్టుకు దాని ఎత్తుకు రెండు మూడింతల దూరంలో నిలబడి, 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే చెట్టు నిష్పత్తులు కంటికి ఆనినట్టే ఉంటాయి, దాని హుందాతనం నిలుస్తుంది. చాలామంది దగ్గరితనం కోసం పడే ఆరాటం వృద్ధ ఓక్‌కు న్యాయం చేయదు. నాటింగ్‌హామ్‌షైర్‌లోని షేర్‌వుడ్ అడవిలో, రాబిన్ హుడ్ కథలతో ముడిపడిన మేజర్ ఓక్‌ను తీసేవారు దాని భారీ కొమ్మలను మోస్తున్న ఊతకర్రలు కనబడని కోణం కోసం వెతుకుతుంటారు. సుమారు 11 మీటర్ల చుట్టుకొలత గల ఆ చెట్టు ఆ ఊతల మీదే నిలబడి ఉంది. అవి దాని వార్ధక్యంలో భాగం, వాటిని దాచిన చిత్రం అర్ధసత్యమే చెబుతుంది.

తెలుగు మైదానాల్లో ఓక్ చెట్లు పెరగవు, అయినా తెలుగువారికి అవి అందనంత దూరంలో లేవు. ఉత్తరాఖండ్ కొండల్లో బాంజ్, మోరు, ఖర్సు అనే పేర్లతో ఓక్ జాతులు ఉన్నాయి. అల్మోరా దగ్గరి బిన్సర్ అభయారణ్యంలో నాచు, లైకెన్లు పట్టిన ఓక్ చెట్ల మధ్య వసంతారంభంలో బురాంశ్ అనే చెట్టు ఎర్రగా పూస్తుంది. కాలిఫోర్నియాలోని బే ఏరియాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఇళ్ల వెనక కొండలే వ్యాలీ ఓక్, బ్లూ ఓక్, కోస్ట్ లైవ్ ఓక్ చెట్ల నిలయాలు. మోర్గన్ హిల్ దగ్గరి హెన్రీ కో స్టేట్ పార్కు, మౌంట్ డయాబ్లో అందుకు ప్రసిద్ధం. అక్కడ వేసవిలో గడ్డి ఎండి కొండలు పసుపుపచ్చగా మారినప్పుడు సాయంకాలపు వాలు వెలుగు ముదురాకుపచ్చ ఓక్‌ను నేల నుంచి చక్కగా విడదీస్తుంది. అక్కడ పాటించవలసిన జాగ్రత్త కూడా ఒకటుంది. ఫైటోఫ్తోరా రామోరం అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆకస్మిక ఓక్ మరణం అనే తెగులు ఆ రాష్ట్రంలో చాలా చెట్లను చంపింది. తడినేలలో తిరిగినవారి బూట్లకు అంటిన మట్టితో అది ఒక అడవి నుంచి మరో అడవికి చేరగలదు కనుక, ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లేముందు బూట్లనూ ట్రైపాడ్ కాళ్లనూ శుభ్రం చేసుకోవడం తప్పనిసరి.

అడుగుల విషయం అంతటితో ముగియదు. ముసలి ఓక్ వేళ్లు కొమ్మల నీడను దాటి ఎంతో దూరం పాకి ఉంటాయి; వాటిలో ముఖ్యమైనవి పైమట్టిలోనే ఉంటాయి. సందర్శకుల పాదాల కింద నేల గట్టిపడితే నీరూ గాలీ ఆ వేళ్లకు అందవు. మేజర్ ఓక్ చుట్టూ 1970లలో కంచె వేయవలసి వచ్చింది ఇందుకే. విస్ట్‌మన్స్ వుడ్‌లో నాచు పట్టిన బండల మీదికి ఎక్కేవారి సంఖ్య పెరిగి లైకెన్లు దెబ్బతినడంతో, లోపలికి అడుగుపెట్టకుండా అంచు నుంచే చూడమని సంరక్షకులు కోరుతున్నారు. ఆ భూమి యాజమాన్యమైన డచీ ఆఫ్ కార్న్‌వాల్ 2023లో ఆ అడవి విస్తీర్ణాన్ని రెట్టింపు చేసే ప్రణాళికను ప్రకటించింది. సందర్శకుల నుంచి పాత చెట్టును కాపాడుకోవలసిన ఇబ్బంది తెలంగాణకు కొత్త కాదు. మహబూబ్‌నగర్‌లోని ప్రాచీన మర్రిచెట్టయిన పిల్లలమర్రికి చెదలు పట్టి, కొమ్మలు కూలి, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించుకోవలసి వచ్చినప్పుడు సందర్శకులను దూరంగా ఉంచారు. దూరం నుంచి, వాలు వెలుగు కోసం కాచుకుని తీసిన చిత్రమే అందమైనదని ఓక్ చిత్రాల చరిత్ర చూపుతున్నది; చెట్టుకు మేలు చేసేదీ అదే. అందువల్ల ఇంగ్లండులోనైనా, కాలిఫోర్నియాలోనైనా, పిల్లలమర్రి దగ్గరైనా, కెమెరా పట్టుకుని వెళ్లే పాఠకులు కంచె దాటకుండా, వేళ్ల మీద నడవకుండా, ట్రైపాడ్‌ను దారి మీదే నిలిపి, ఆ రోజు తగిన వెలుగు రాకపోతే మరో రోజు రావడానికి సిద్ధపడాలి.